ఒకే ల్యాప్‌ని మళ్లీ మళ్లీ తిప్పడం: ఒక అమెచ్యూర్ మోటోక్రాస్ సీజన్

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మోటోక్రాస్‌లోకి, అంటే మట్టి ట్రాక్ మీద జరిగే బళ్ల రేసుల్లోకి, కొత్తగా వస్తున్నవాళ్లకి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను ప్రొఫెషనల్‌ని కాను. వారంలో ఐదు రోజులు ఉద్యోగం, బండి ఎక్కేది వారానికి రెండుసార్లు, రెండూ కలిపితే మూడు నాలుగు గంటలు. మీలో చాలామందిది కూడా ఇదే పరిస్థితి అనుకుంటాను. అందుకని పోయిన సీజన్‌లో నాకు ఏం జరిగింది, అందులో ఏది పనికొచ్చింది, అదే చెబుతాను.

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది, ప్రతి ప్రాక్టీసు, ప్రతి రేసు ల్యాప్ టైములు అందులో రాసుకుంటాను. అంతకుముందు సీజన్‌లో మా క్లాసులో 18వ స్థానంలో ముగించాను. పోయిన సీజన్‌లో 8వ స్థానం, అది కూడా ఎనిమిది రౌండ్లలో రెండు రౌండ్లకి వెళ్లలేకపోయాక. మరి ఈ రెండు సీజన్ల మధ్య నా బెస్ట్ ల్యాప్ ఎంత తగ్గిందో చూద్దామని పేజీలు తిరగేస్తే, అదే ట్రాక్, దాదాపు అదే మట్టి, ఒక్క సెకను కూడా తగ్గలేదు. అప్పుడు రెండో ల్యాప్ 2 నిమిషాల 4 సెకన్లు, ఆఖరి ల్యాప్ 2 నిమిషాల 19 సెకన్లు. పోయిన సీజన్ చివర్లో అదే ట్రాక్ మీద రెండో ల్యాప్ 2:05, ఆఖరిది 2:08. నేను ఇవాళ మాట్లాడేదంతా ఆ పదిహేను సెకన్లు మూడు సెకన్లు ఎలా అయ్యాయన్న దాని గురించే.

పాయింట్ల లెక్క చూస్తే ఇది ఎంత పెద్ద తేడానో తెలుస్తుంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒక్కో రౌండ్‌కి రెండు మోటోలు, అంటే రెండు రేసులు, ఒక్కోటి 30 నిమిషాలు, ఆ పైన ఇంకో రెండు ల్యాపులు. గెలిస్తే 25 పాయింట్లు, రెండో స్థానానికి 22, మూడుకి 20, నాలుగుకి 18, ఐదుకి 16, అక్కడినుంచి ఒక్కొక్కటి తగ్గుతూ 20వ స్థానానికి 1. మా సిరీస్‌లో కూడా ఇవే పాయింట్లు, కాకపోతే మోటో 15 నిమిషాలు, ఆ పైన రెండు ల్యాపులు. ఇప్పుడు ఒకరు మొదటి మోటో గెలిచి, రెండోదాంట్లో పడిపోయి బయటికి వచ్చేశారనుకోండి, వాళ్లకి 25. ఇంకొకరు రెండు మోటోల్లోనూ ఆరో స్థానంలో వచ్చారు, ఎవరూ వాళ్లని ఫొటో కూడా తీయలేదు, వాళ్లకి 15, 15 కలిపి 30. మొత్తం సమానమైతే రెండో మోటోలో ముందున్నవాళ్లనే ఆ రౌండ్‌లో ముందు పెడతారు. అంటే ఒళ్లు అలిసిపోయాక ఎలా నడిపారన్నదానికే విలువ ఎక్కువ.

ఈ ఆట పుట్టుకలోనే ఆ గుణం ఉంది. 1924లో ఇంగ్లండ్‌లో క్యాంబర్లీ దగ్గర జరిగిన స్క్రాంబుల్‌ని, మోటోక్రాస్‌కి అప్పటి పేరు అదే, మొదటిదిగా చెబుతారు. ఆ తర్వాత 1947లో దేశాల జట్ల పోటీ మొదలైంది, 1957లో 500 సీసీ క్లాసుకి ప్రపంచ ఛాంపియన్‌షిప్ హోదా వచ్చింది. బళ్లు పూర్తిగా మారిపోయాయి, మట్టి మాత్రం మారలేదు. పొద్దున ప్రాక్టీసులో మీరు చూసిన ట్రాక్ మధ్యాహ్నం రెండో మోటోకి ఉండదు. మలుపుల్లో గాడులు మోకాలి లోతు పడతాయి, బ్రేకు వేసే చోట గతుకులు, దూకే ముందు గుంటలు. ఒకే టైము మళ్లీ మళ్లీ తిప్పాలంటే ప్రతి ల్యాప్‌లోనూ కొత్త దారి వెతుక్కోవాలి, నేను దాన్ని అర్థం చేసుకోవడానికి చాలా కాలం పట్టింది.

ఆఫ్ సీజన్‌తో మొదలుపెడతాను. అంతకుముందు నేను ప్రాక్టీసుకి వెళితే ట్రాక్ మీద పడి, ఒళ్లు సహకరించినంతసేపు ల్యాపులు కొట్టి, అలిసిపోయాక ఇంకో నాలుగు కొట్టి ఇంటికి వచ్చేవాణ్ని. దాన్నే ట్రైనింగ్ అనుకున్నాను. ఆ ఏడాది మా ట్రాక్‌కి వచ్చే ఒక పెద్దాయన, ఇప్పుడు రేసులు మానేశారు, పిల్లలకి నేర్పుతుంటారు, నన్ను పిలిచి "నువ్వు ప్రతి వారం నీ తప్పుల్నే ప్రాక్టీసు చేస్తున్నావు బాబూ" అన్నారు. మొదట బాధనిపించింది. తర్వాత ఆయన ఖాళీ స్థలంలో రెండు టైర్లు పడేసి, వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమన్నారు. నలభై నిమిషాలు. జంపు లేదు, స్పీడు లేదు, రెండే మలుపులు.

ఆ నలభై నిమిషాల్లో నాకు తెలియనివి ఎన్ని ఉన్నాయో బయటపడింది. చదునైన మలుపులో మనం బండిని లోపలికి వంచుతాం, మన ఒళ్లు మాత్రం బండికి పైన, బయటి వైపు ఉండాలి, బయటి కాలితో ఫుట్‌పెగ్‌ని గట్టిగా తొక్కాలి. ఆ తొక్కుడు వల్ల టైరు మట్టిలో కూరుకుని పట్టు దొరుకుతుంది. నేను లోపలి కాలు నేలకి ఆనించి దానిమీదే బరువు వేస్తున్నాను. లోపలి కాలు ముందుకి, ముందు చక్రం వైపుకి చాచి, వేళ్లు పైకెత్తి ఉంచాలి, అది నేలని తాకినా తాకకపోయినా దానిమీద బరువు ఉండకూడదు. కాలు కిందికి వేలాడితే గాడిలో తగులుకుని మోకాలు వెనక్కి తిరుగుతుంది, మోకాలి లిగమెంట్లు తెగేది ఎక్కువగా అలాగే. కూర్చునే చోటు కూడా తప్పే. సీటు మధ్యలో కూర్చుంటే ముందు చక్రం తేలిపోతుంది, ట్యాంకు దగ్గరకంటా జరిగితేనే అది మట్టిని పట్టుకుంటుంది. మోచేతులు పైకి, బయటికి. ఇవన్నీ నేను వీడియోల్లో వందసార్లు విన్నవే. విన్నదానికీ ఒంటికి పట్టినదానికీ ఎంత దూరమో ఆ రెండు టైర్ల మధ్య చూశాను.

అన్నిటికంటే పెద్ద తప్పు చూపులో ఉంది. నేను ముందు చక్రానికి కాస్త ముందు, మూడు నాలుగు మీటర్ల దూరంలో చూస్తున్నాను. మలుపులోకి వెళ్లేముందే మలుపు బయటికి చూడాలి, బయటికి వస్తుండగానే దాని తర్వాత ఉన్నదాన్ని చూడాలి. ఆయన టైరు దగ్గర నిలబడి వేళ్లు చూపించేవారు, ఎన్ని వేళ్లో నేను గట్టిగా చెప్పాలి, చెప్పలేకపోతే నేను కిందకి చూస్తున్నట్టు లెక్క. మూడు వారాలు అదే పని. మీరు దీన్ని ఇద్దరు కలిసి చేయండి, ఒకరు నడపండి, ఒకరు వేళ్లు చూపించండి, ఆ తర్వాత మారండి.

బ్రేకుల గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళతాను. బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే, ఒక్క వేలు చాలు, రెండు వేళ్లు దాటితే హ్యాండిల్ మీద పట్టు పోతుంది. నిలబడి, నడుము వెనక్కి జరిపి, మోకాళ్లతో బండిని బిగించి బ్రేకు వేయాలి. థ్రాటిల్ మూసి, బ్రేకూ వేయకుండా ఊరికే దొర్లే సమయం ఎంత తగ్గితే అంత మంచిది. నేను ఒక మలుపుకి ముందు ఎంతసేపు అలా దొర్లుతున్నానో ఫోన్ వీడియోలో చూసి లెక్కపెట్టాను. దాదాపు రెండు సెకన్లు. ఒక ల్యాప్‌లో అలాంటి మలుపులు పన్నెండు.

అసలు నిలబడటం గురించి మాట్లాడాలి. బెల్జియం రైడర్ స్టెఫాన్ ఎవర్ట్స్ 10 ప్రపంచ టైటిళ్లు గెలిచారు, ఇంకెవరికీ అన్ని లేవు. తన ఆఖరి సీజన్ 2006లో 15 గ్రాండ్ ప్రీల్లో 14 గెలిచారు. ఆయన పాత రేసులు చూడండి. మిగతావాళ్లు కూర్చునే చోట కూడా ఆయన నిలబడే ఉంటారు, పెద్ద గేరులో, ఇంజను అరవకుండా, తొందర ఏమీ లేనట్టు కనిపిస్తారు. నిలబడితే గతుకుల్ని మన కాళ్లు మింగుతాయి, కూర్చుంటే వెన్నుపూస మింగాలి. కూర్చుని నడిపితే మొదటి మూడు ల్యాపులు తేలిగ్గా ఉంటుంది, ఆ తర్వాత ప్రతి గతుకూ సీటు ద్వారా పైకి తన్నుతూ ఉంటే చేతులు హ్యాండిల్‌ని ఇంకా ఇంకా బిగిస్తాయి. నా 2:19 అక్కడే తయారైంది.

ఇక్కడే ఆర్మ్ పంప్. మీలో ఎంతమందికి వచ్చింది? అందరికీ, చూస్తున్నాను. ముంజేతులు రాయిలా బిగుసుకుపోయి, వేళ్లు మొద్దుబారి, క్లచ్ లాగాలంటే మొత్తం చేయి లాగాల్సి వస్తుంది. ముంజేతి కండరాల చుట్టూ గట్టి పొర ఉంటుంది, అది పెద్దగా సాగదు. మనం గట్టిగా పట్టుకుని వదలకుండా ఉంటే లోపలికి వచ్చిన రక్తం బయటికి వెళ్లే దారి నొక్కుకుపోయి, ఆ పొర లోపల ఒత్తిడి పెరుగుతుంది. చాలామంది దీనికి ముంజేతుల వ్యాయామం చేస్తారు, నేనూ చేశాను, తేడా రాలేదు. నాకు పనిచేసింది కాళ్లు. ఫ్రేముని మోకాళ్లతో, బూటు లోపలి అంచులతో బిగించి పట్టుకుంటే చేతులకి పని తగ్గుతుంది. ఇంకోటి, ట్రాక్ మీదకి వెళ్లే ముందు పావుగంట సైకిల్ తొక్కడమో స్కిప్పింగో చేసి చెమట పట్టాకే స్టార్టు గేటు దగ్గరికి వెళ్లడం. చల్లటి ఒంటితో మొదలుపెడితే టెన్షన్‌కి తోడు ఆ మొదటి రెండు ల్యాపుల్లోనే చేతులు పోతాయి. అన్నీ చేసినా ప్రతిసారీ నొప్పి, మొద్దుబారడం వస్తుంటే డాక్టరుకి చూపించండి, దాన్ని ఓర్చుకోవడం గొప్ప కాదు.

ఫిట్‌నెస్ విషయంలో బయటివాళ్లకి నమ్మకం కుదరదు, ఇంజనే కదా లాగేది అంటారు. గుండె వేగం కొలిచే బెల్టు పెట్టుకుని ఒక మోటో నడపండి. గేటు పడిన కాసేపటికే గరిష్ఠ వేగంలో 90 శాతం దాటుతుంది, జెండా చూసేదాకా దాదాపు అక్కడే ఉంటుంది. దాదాపు 105 కిలోల బండిని గతుకుల మీద అటూ ఇటూ వంచుతూ, శ్వాస బిగబట్టకుండా పదిహేను నిమిషాలు. శ్వాస బిగబట్టడం అన్నాను చూడండి, జంపు దగ్గర నేను ఊపిరి ఆపేసేవాణ్నని నాకే తెలియదు, హెల్మెట్‌లో రికార్డు చేసిన శబ్దం వింటే తెలిసింది. గాల్లో ఉన్నప్పుడు ఊపిరి వదలడం అలవాటు చేసుకున్నాను. మిగతాదానికి వారంలో మూడు రోజులు సైకిలూ రోయింగ్ మెషీనూ, ఒక రోజు ఎక్కువసేపు నెమ్మదిగా, ఒక రోజు మూడేసి నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు మెల్లగా. రెండు రోజులు బరువులు, ముఖ్యంగా కాళ్లూ నడుమూ వీపూ. నిద్ర మాత్రం నేను తగ్గించను, శుక్రవారం రాత్రి బండి పని పెట్టుకోవడం పూర్తిగా మానేశాను.

బండి గురించి. మీకు ఖరీదైన భాగాలు అక్కర్లేదు, ముందు శాగ్ కొలవండి, అంటే మీరు ఎక్కితే వెనక సస్పెన్షన్ ఎంత కుంగుతోందో. బండిని స్టాండు మీద పెట్టి వెనుక చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి నిలువుగా పైన మడ్‌గార్డు మీద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత మీరు హెల్మెట్, బూట్లు, అన్నీ వేసుకుని బండి ఎక్కి నిలబడితే అదే దూరం ఎంత తగ్గిందో చూడండి. వెనక సస్పెన్షన్ మొత్తం దాదాపు 300 మిల్లీమీటర్లు కదులుతుంది, పెద్ద బళ్లకి ఈ శాగ్ 100 నుంచి 105 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. నాది 118 ఉండేది. వెనక అంత కుంగితే ముందు చక్రం మీద బరువు తగ్గి, మలుపులో బండి తిరగకుండా బయటికి తోసుకుపోతుంది. రెండేళ్లు అది నా నైపుణ్యం లోపమే అనుకున్నాను. స్ప్రింగు రింగు తిప్పి 104కి తెచ్చిన రోజు, అదే మలుపులో అదే గాడి, బండి నేను చూసిన చోటికి వెళ్లింది. శాగ్ సరిచేశాక మనిషి ఎక్కకుండా బండి తన బరువుకి ఎంత కుంగుతోందో కూడా చూడండి. 30 నుంచి 40 మధ్య ఉంటే మంచిది, బాగా తక్కువ ఉంటే మీ బరువుకి ఆ స్ప్రింగు మెత్తన, బాగా ఎక్కువ ఉంటే గట్టి.

ఎయిర్ ఫిల్టర్ ప్రతి రైడ్ తర్వాత మార్చండి, ఆయిల్ పట్టించినవి రెండు మూడు సిద్ధంగా ఉంచుకోండి. స్పోకులు, చైను, ఇరుసు నట్టు, హ్యాండిల్ బోల్టులు ప్రతి మోటోకి ముందు చేత్తో ముట్టుకుని చూడండి. టైరులో గాలి 12 నుంచి 14 పీఎస్ఐ మధ్య. ఇంజను గంటలు మీటరులో చూసి రాసుకోండి, ఫోర్ స్ట్రోకు బండికి ఆయిలు గంటల లెక్కన మార్చాలి, నెలల లెక్కన కాదు. ఇది ఇంతకంటే పెంచను, మీ బండి మాన్యువల్‌లో అన్నీ ఉంటాయి, దయచేసి చదవండి.

ఇక రేసు రోజు. నేను ఉదయం ట్రాక్ మొత్తం నడుస్తాను, పరిగెత్తను, నడుస్తాను. ప్రతి మలుపు బయటి అంచులో నిలబడి వెనక్కి తిరిగి చూస్తాను, అక్కడినుంచే ఎవరూ వాడని దారి కనిపిస్తుంది. గేటు దగ్గర 15 సెకన్ల బోర్డు చూపిస్తారు, తర్వాత 5 సెకన్ల బోర్డు, అది చూపించాక 5 నుంచి 10 సెకన్ల లోపు ఎప్పుడైనా గేటు పడుతుంది. బోర్డు వంక చూస్తూ కూర్చోకండి. గేటుని పట్టి ఉంచే పిన్ను మీదే కళ్లు పెట్టండి, అది కదలగానే క్లచ్. గేటు మన వైపుకి పడుతుంది, ముందే కదిలి దాన్ని ఆనుకున్నారంటే అది కిందికి పడలేక మీ చక్రాన్నే పట్టేస్తుంది, మిగతా అందరూ వెళ్లిపోతారు. గట్టి మట్టి అయితే రెండో గేరు, ఒళ్లు ముందుకి, రెండు కాళ్లూ ముందు నేల మీద. స్టార్టు ప్రాక్టీసు చాలామంది చేయరు, బోరు కొడుతుంది కాబట్టి. నేను వారానికి ఇరవై చేశాను. మధ్యలో ఇరుక్కుని వెనక పడితే ముందున్న చక్రాల నుంచి వచ్చే మట్టీ రాళ్లూ తింటూ ఒక్కొక్కరినీ దాటాలి, అందులో పోయే శక్తితో రెండు ల్యాపులు నడపొచ్చు.

మొదటి రెండు రౌండ్లు బాగా జరిగాయి, నాలుగు మోటోల్లో 9, 11, 10, 9 స్థానాలు. మూడో రౌండ్ రెండో మోటోలో పడ్డాను.

ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు మీలో ఎవరో ఒకరు చేయబోతారు. ఒక మలుపు, దాని తర్వాత డబుల్ జంపు, అంటే మధ్యలో ఖాళీ ఉన్న రెండు గుట్టలు, ఒకదాని మీంచి రెండోదాని అవతలికి దూకాలి. ఉదయం నుంచీ ఎప్పుడూ దాన్ని దాటుతూనే ఉన్నాను. ఆఖరి ల్యాప్, ఏడో స్థానం నా కళ్ల ముందు నాలుగు బళ్ల దూరంలో ఉంది. మలుపులో ముందు చక్రం గాడి అంచు ఎక్కి జారింది, సర్దుకున్నాను, కానీ బయటికి వచ్చేటప్పటికి వేగం సగమే. ఆ క్షణంలో నాకు తెలుసు, వేగం చాలదని. అయినా థ్రాటిల్ మొత్తం తిప్పాను. గాల్లోకి లేచాక చేరనని అర్థమై భయంతో ఇంకా తిప్పాను. గాల్లో థ్రాటిల్ తిప్పితే వెనుక చక్రం జోరుగా తిరిగి, దాని ప్రతిచర్యకి బండి ముందు భాగం పైకి లేస్తుంది తప్ప ముందుకి ఏమీ వెళ్లదు. వెనుక చక్రం రెండో గుట్ట ఎదురు ముఖానికి కొట్టుకుంది, నేను హ్యాండిల్ మీదుగా వెళ్లాను. కాలర్ బోన్ విరిగింది, తలకి దెబ్బ తగిలి ఆ సాయంత్రం అడిగిందే మళ్లీ అడిగానట. ఆ జంపుని దూకకుండా దొర్లించి ఉంటే పోయేది మూడు సెకన్లు.

తలకి దెబ్బ తగిలిన రోజు మళ్లీ బండి ఎక్కకూడదు. బాగానే ఉన్నాననిపించినా ఎక్కకూడదు, డాక్టరు చెప్పేదాకా ఎక్కకూడదు. హెల్మెట్ బయటికి బాగానే కనిపిస్తుంది, లోపలి థర్మకోల్ లాంటి పొర ఒక్కసారి నలిగితే మళ్లీ పనిచేయదు. నేను దాన్ని ఆ వారమే పగలగొట్టి పారేశాను, ఎవరూ పొరపాటున వాడకుండా.

తొమ్మిది వారాలు బండి ఎక్కలేదు, నాలుగో రౌండూ ఐదో రౌండూ పోయాయి. ఐదో రౌండ్ నాటికి చేతికి కట్టిన స్లింగ్ తీసేశారు, జెండా పట్టుకోగలనని మార్షల్‌గా వెళ్లాను. ఒకే మలుపు దగ్గర, రోజంతా. ఎవరైనా పడితే పసుపు జెండా ఊపాలి, అది ఊపినచోట దాటకూడదు, జంపు చేయకూడదు, ఆగడానికి సిద్ధంగా ఉండాలి. తెల్ల జెండా మీద ఎర్ర శిలువ ఉంటే వైద్య సిబ్బంది ట్రాక్ మీద ఉన్నారని. ఇంతకాలం ఆ జెండాల్ని రూల్సుగానే చూశాను. ఒక కుర్రాడు పడి లేవలేకపోతుంటే, నేను జెండా ఊపుతూ ఉన్నాను, ఎదురుగా దిబ్బ అవతల ఏముందో వచ్చేవాళ్లకి కనిపించదు, వాళ్లు థ్రాటిల్ మూసిన శబ్దం ఒక్కొక్కటిగా వినిపించినప్పుడు నా గుండె కుదుటపడింది. మీరు కనీసం ఒక రోజు మార్షల్‌గా నిలబడండి అని నేను అడుగుతున్నాను.

ఆ రోజు ఇంకోటి చూశాను. ముందున్న అయిదుగురూ నా మలుపులోకి వచ్చే శబ్దం మొదటి ల్యాప్‌లో ఎలా ఉందో ఆఖరి ల్యాప్‌లో దాదాపు అలాగే ఉంది. థ్రాటిల్ మూసే చోటు, తెరిచే చోటు ఒకటే. దారి మాత్రం మారుతోంది, లోపలి గాడి చెడిపోగానే ఒక అడుగు బయటికి, అది చెడిపోగానే మట్టి గట్టు పైకంటా. 15వ స్థానం తర్వాత ఉన్నవాళ్లు అందరూ అదే చెడిపోయిన గాడిలోకి వచ్చి పడుతున్నారు, ప్రతి ల్యాప్‌కీ ఇంకాస్త ముందే థ్రాటిల్ మూస్తున్నారు, తెరిచేటప్పుడు మాత్రం ఇంకా గట్టిగా తెరుస్తున్నారు. వాళ్ల ఇంజన్లు ఎక్కువ అరుస్తున్నాయి, బళ్లు తక్కువ కదులుతున్నాయి. వాళ్లలో నన్ను నేను చూసుకున్నాను.

అమెరికాలో 2023లో జెట్ లారెన్స్ 450 క్లాసు అవుట్‌డోర్ సీజన్‌లో 22 మోటోలకి 22 గెలిచాడు. అంతకుముందు 2002లోనూ 2004లోనూ రికీ కార్మైకేల్, 2008లో జేమ్స్ స్టీవర్ట్ 24కి 24 గెలిచారు. వేగంగా ఉండేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. సీజన్ మొత్తం ఒక్క మోటో కూడా చేజారకుండా నడపడం మాత్రం ఇంతమందే చేశారు. ఆ మలుపు దగ్గర నిలబడ్డాక ఈ అంకెలు నాకు వేరేగా వినిపిస్తున్నాయి.

(సభలోంచి ప్రశ్న: దెబ్బ తగిలాక మళ్లీ జంపు దగ్గర భయం ఎలా పోయింది?)

పోలేదు. ఇప్పటికీ ఉంది. నేను చేసింది ఏమిటంటే, జంపు గురించిన నిర్ణయాన్ని జంపు దగ్గర తీసుకోవడం మానేశాను. దానికి ముందున్న మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు ఒక గుర్తు పెట్టుకుంటాను, ఒక టైరో కొయ్య ముక్కో. అక్కడికి వచ్చేసరికి నేను అనుకున్న గేరులో, బండి నిటారుగా, థ్రాటిల్ తెరిచి ఉంటే దూకుతాను. మూడింటిలో ఒకటి లేకపోయినా దొర్లిస్తాను, వెనక ఎవరున్నా సరే, అది ఆఖరి ల్యాప్ అయినా సరే. మొదట్లో ప్రాక్టీసులో కావాలనే అయిదింటిలో ఒకసారి దొర్లించేవాణ్ని, దొర్లించడం కూడా చేతికి అలవాటు కావాలని. చివరి నిమిషంలో మనసు మార్చుకుని జంపు ముఖం మీద థ్రాటిల్ మూసేస్తే ముందు చక్రం కిందికి వాలిపోతుంది, అది అన్నిటికంటే ప్రమాదం. ఒకవేళ గాల్లో ముందు భాగం మరీ పైకి లేస్తే వెనుక బ్రేకు ఒక్కసారి తొక్కి క్లచ్ లాగండి, దిగుతుంది. అది కూడా చిన్న టేబుల్ టాప్ మీద నేర్చుకోండి, మధ్యలో ఖాళీ లేనిదాని మీద.

ఆరో రౌండ్‌కి వచ్చినప్పుడు నాకు పెట్టుకున్న లక్ష్యం స్థానం కాదు, రెండో ల్యాప్‌కీ ఆఖరి ల్యాప్‌కీ తేడా ఆరు సెకన్లు దాటకూడదని. 13, 10 వచ్చాను, తేడా ఏడు, ఆరు. ఏడో రౌండ్‌లో 8, 8. ఆఖరి రౌండ్‌కి ముందు రోజు రాత్రంతా వాన పడింది. గాగుల్స్ మీద టియరాఫ్‌లు, అంటే మట్టి పడగానే పీకి పారేసే పలచటి పొరలు, పది వేసుకున్నాను, మొదటి మోటోలో మూడు ల్యాపుల్లోనే ఏడు పీకేశాను, రెండో మోటోకి పొదుపు చేయాలని తెలిసింది. రెండో మోటోలో మొదటి ల్యాప్ 14వ స్థానం. ఎవరినీ గట్టిగా దాటినట్టు గుర్తు లేదు. పెద్ద గేరులో, నిలబడి, గాడి చెడిపోయిన ప్రతిసారీ ఒక అడుగు పక్కకి. నా ముందున్నవాళ్లు ఒక్కొక్కరే జారి పడుతూ ఉన్నారు, ఒకరిద్దరి బళ్లు వేడెక్కి ఆగిపోయాయి. డబుల్ జంపుని ప్రతి ల్యాప్‌లోనూ దొర్లించాను. గీత దాటేసరికి 5వ స్థానం, నా జీవితంలో అదే అత్యుత్తమం. హెల్మెట్ తీశాక నోటుబుక్కు తెరిచి ముందు ల్యాప్ టైములు రాసుకున్నాను, చేతులు వణకలేదు, పెన్ను పట్టుకోగలిగాను. అంతకుముందు సీజన్‌లో మోటో అయ్యాక అరగంట దాకా నీళ్ల సీసా మూత తిప్పలేకపోయేవాణ్ని.

సరే, నాకిచ్చిన సమయం అయిపోయినట్టుంది. మిగతా ప్రశ్నలు బయట బళ్ల దగ్గర మాట్లాడుకుందాం. శాగ్ ఎప్పుడూ కొలవనివాళ్లు హెల్మెట్, బూట్లు అన్నీ వేసుకుని రండి, టేపు నా దగ్గర ఉంది, ఒకరు బండి పట్టుకోవాలి, ఒకరు కొలవాలి. మీ నోటుబుక్కులు కూడా తెచ్చుకోండి, మొదటి అంకె ఇవాళే రాసుకుందాం.